పై అధికారి నోరు పారేసుకుంటే: విశాఖ ఉద్యోగి చేతిలో ఏముంది?

క్లుప్తంగా

కింది ఉద్యోగిని పై అధికారి అవమానించడాన్ని నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కార్మికులకు, ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం వేర్వేరు చట్టాల్లో కొంత కొంత రక్షణ ఉంది. నోటి దురుసు ఏళ్ల తరబడి సాగడానికి ప్రధాన కారణం ఒకటే. దానివల్ల అన్నవాళ్లకు ఏ నష్టమూ రాదు, దాని ఆనవాలూ ఎక్కడా మిగలదు. అందుకే ఉద్యోగి చేయగల పనుల్లో అన్నిటికంటే బలమైనది, గాలిలో కలిసిపోయే మాటను కాగితం మీదికి తీసుకురావడం.

ముగ్గురు ఉద్యోగులు, ఒకే ప్రశ్న

పరవాడ ఫార్మాసిటీలో ఉదయం షిఫ్ట్ మారే వేళ. రాత్రి బ్యాచ్ ఆలస్యమైందని ప్రొడక్షన్ మేనేజర్ పదిమంది ముందు ఒక కెమిస్ట్‌ను "చదివే పాసయ్యావా, డిగ్రీ కొనుక్కున్నావా?" అంటాడు. జగదాంబ దగ్గర బట్టల షాపులో కస్టమర్ ఎదుటే సేల్స్ అమ్మాయి మీద ఫ్లోర్ మేనేజర్ కేకలేస్తాడు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో కేకలు అంతగా వినబడవు. టీమ్ కాల్‌లో అందరూ వింటుండగా "ఇంత చిన్న విషయం కూడా అర్థం కాకపోతే మీతో ఎలా అండీ" అని నవ్వుతూ అన్న ఒక్క మాట చాలు. ఇవి ఏ ఒక్కరి కథలో కావు, ఈ నగరంలో పనిచేసే ఎవరికైనా పరిచయమైన సంగతులే. ముగ్గురూ ఇంటికి వెళ్లే దారిలో ఒకే ప్రశ్న వేసుకుంటారు. ఉద్యోగమంటే ఇంతేనా, లేక నేనే మరీ ఎక్కువగా తీసుకుంటున్నానా?

చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కొందరు సంవత్సరాలు భరించి ఒకరోజు పేలిపోతారు. ఈ రెండింటి మధ్య చేయదగిన పని చాలా ఉంది. అది తెలియాలంటే ముందు మందలింపు ఏదో అవమానం ఏదో విడదీసి చూడాలి.

మందలింపు ఎక్కడ ఆగుతుంది?

తప్పు జరిగితే చెప్పే హక్కు, గట్టిగా చెప్పే హక్కు కూడా పై అధికారికి ఉంది. గడువు గుర్తుచేయడం, పని బాగాలేదని తిప్పి పంపడం, మెమో ఇవ్వడం అవమానం కిందికి రావు. ఈ తేడా ముందుగా ఒప్పుకోని ఫిర్యాదు ఎక్కడా నిలబడదు.

తేడా పట్టించే సాధనం తెలుగు భాషలోనే ఉంది. మనకు "నువ్వు", "మీరు" వేరు. "ఏరా" అనే పిలుపు స్నేహితుడి నోట చనువు, అధికారి నోట అధికారం. ఉత్తరాంధ్ర మాటతీరులో "ఏటి, ఏటయ్యింది" అనడంలో సహజంగానే దగ్గరితనం ఉంటుంది కాబట్టి ఇక్కడ ఈ గీత ఇంకా పలుచన. పాతికేళ్ల సూపర్‌వైజర్ యాభై ఏళ్ల కాంట్రాక్టు ఫిట్టర్‌ను "ఒరేయ్" అంటాడు, ఆయన మాత్రం తిరిగి "సార్" అనాలి. అదే మాట తిరిగి అనగలిగే చోట అది చనువు. అనలేని చోట అది అవమానం.

దీనికి తోడు మరో రెండు విషయాలు చూడాలి. మాట పని మీద ఉందా, మనిషి మీద ఉందా? "రీడింగ్ తప్పు రాశావు" అన్నది పని మీద మాట. "నీ బతుక్కి ఇదే ఎక్కువ" అన్నది మనిషి మీద, ఇంకా చెప్పాలంటే అతని ఇంటి మీద, పుట్టుక మీద. రెండోది, ఎవరి ముందు అన్నారు? గదిలో పిలిచి అన్న కఠినమైన మాటను మనిషి రెండు రోజుల్లో మరిచిపోగలడు. తన కింద పనిచేసేవాళ్ల ముందు పడిన చిన్న మాట కూడా ఆ రోజు నుంచి అతని పనికే అడ్డమవుతుంది, ఎందుకంటే ఇక కిందివాళ్లు అతని మాట వినరు.

ఒకసారి జరిగితే కోపం అనుకోవచ్చు. వరుసగా ఒకే మనిషికి, లేదా బలహీనులైన వాళ్లకే జరుగుతుంటే అది ఒక పద్ధతి.

ఎందుకిలా మాట్లాడతారు?

"ఆయన స్వభావమే అంత" అన్నది అందరూ చెప్పే జవాబు. అది సగమే నిజం. అదే మనిషి తన పై అధికారి దగ్గర ఎంత మర్యాదగా ఉంటాడో గమనిస్తే, నోరు అదుపులో పెట్టుకోవడం అతనికి చేతనవుననే తేలుతుంది.

మొదటి కారణం ఒత్తిడి కిందికి దొర్లడం. హైదరాబాద్ నుంచో ముంబై నుంచో వచ్చిన టార్గెట్ ప్లాంట్ హెడ్ మీద, అక్కడి నుంచి మేనేజర్ మీద, చివరికి షిఫ్ట్ ఇన్‌చార్జ్ మీద పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పైకి చూపలేని కోపం కిందికి వస్తుంది. పై అధికారుల దూషణ మీద 2000లో అమెరికా పరిశోధకుడు బెనెట్ టెపర్ ప్రచురించిన వ్యాసం తర్వాత ఈ అంశం మీద ప్రత్యేక పరిశోధనలు పెరిగాయి. తాము అన్యాయానికి గురయ్యామనుకునే మేనేజర్లు దాన్ని కిందివాళ్ల మీద తీర్చుకునే ధోరణి వాటిలో కనబడింది.

రెండో కారణం అంత సులభంగా కంటికి కనబడదు. చాలామంది అధికారులు తిడితేనే పని జరుగుతుందని నిజాయితీగా నమ్ముతారు. ఈ నమ్మకం ఎలా పుడుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ వివరించారు. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులతో మాట్లాడినప్పుడు వాళ్లు ఆయనతో వాదించారు. బాగా నడిపిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ణి తిడితే తర్వాతిసారి బాగా నడుపుతున్నాడు అని. చూసింది నిజమే, తీసిన అర్థమే తప్పు. ఎవరి పనైనా ఒకరోజు మరీ పాడైతే మర్నాడు తిట్టినా తిట్టకపోయినా మామూలు స్థాయికి వస్తుంది. మరీ బాగున్న రోజు తర్వాత కాస్త తగ్గుతుంది. మధ్యలో పడిన తిట్టుకు ఆ ఘనత దక్కుతుంది. రోజువారీ ఉత్పత్తి లెక్కలు చూసే మేనేజర్‌కు ఈ భ్రమ ప్రతి వారం కలుగుతుంది. "చూశావా, నిన్న వాయించాను, ఇవాళ నంబర్ వచ్చింది" అనే మాట వెనక ఉన్నది ఇదే.

మూడోది నియామకాల పద్ధతి. బాగా వెల్డింగ్ చేసేవాణ్ణి, బాగా కోడ్ రాసేవాణ్ణి, మంచి ర్యాంకులు తెప్పించిన లెక్చరర్‌ను పైకి తెచ్చి మనుషుల మీద పెడతారు. యంత్రాన్ని అప్పగించే ముందు శిక్షణ ఇచ్చే సంస్థలు ఇరవైమంది మనుషులను అప్పగించే ముందు ఒక్క రోజు శిక్షణ కూడా ఇవ్వవు. కొత్త బాధ్యతలో భయం ఉంటుంది. ఆ భయాన్ని కప్పుకోవడానికి గొంతు పెరుగుతుంది.

వీటన్నిటి కింద ఉన్న పునాది, ఖర్చు లేకపోవడం. తిట్టిన మేనేజర్ జీతం తగ్గదు, ప్రమోషన్ ఆగదు. టీమ్‌లో ముగ్గురు మానేస్తే "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని రాసుకుంటారు. కొత్తవాళ్లను తీసుకుని నేర్పించే ఖర్చు సంస్థ భరిస్తుంది. ఆ ఖర్చును ఆ మేనేజర్ పేరు కింద ఎవరూ రాయరు.

ఈ నగరంలో ఇది భద్రత సమస్య కూడా

ఉక్కు, రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డ్, రసాయనాలు, మందుల కంపెనీలు. విశాఖ చుట్టూ ఉన్న పనుల్లో పెద్ద భాగం ప్రమాదంతో ముడిపడినవి. ఇలాంటి చోట కింది ఉద్యోగి నోరు మూయించడం ఎంత నష్టమో రెండు అధ్యయనాలు చూపిస్తాయి.

2015లో ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల అత్యవసర విభాగాలకు చెందిన 24 బృందాలకు ఒక కృత్రిమ కేసు ఇచ్చి పరీక్షించారు. కొన్ని బృందాలతో, విదేశీ నిపుణుడిగా పరిచయం చేసిన వ్యక్తి అక్కడి వైద్యుల స్థాయిని చులకన చేస్తూ మాట్లాడాడు. మిగతా బృందాలతో మామూలుగా మాట్లాడాడు. చులకన మాటలు విన్న బృందాలు రోగ నిర్ధారణలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. వాళ్ల చదువు, అనుభవం మారలేదు, మారింది విన్న మాట ఒక్కటే.

అంతకుముందు 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు మందుల పొరపాట్ల లెక్కలు తీశారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే అక్కడ నర్సులు భయపడకుండా చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు.

దీన్ని రాత్రి షిఫ్ట్‌కు అన్వయించుకుంటే ఎంత ఆందోళన కలిగించే విషయమో తెలుస్తుంది. రెండు గంటలప్పుడు రియాక్టర్ ఉష్ణోగ్రత కొంచెం తేడాగా కనబడింది. ఫోన్ చేస్తే "దీనికోసం నన్ను లేపుతావా?" అని తిట్టే ఇన్‌చార్జ్ ఉన్నచోట ఆపరేటర్ ఇంకో పావుగంట చూద్దామనుకుంటాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురం గ్యాస్ లీకేజీని, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో 17 మంది ప్రాణాలు తీసిన ప్రమాదాన్ని చూసిన ప్రాంతం ఇది. ఆ ప్రమాదాల కారణాలు వేరు, వాటిని అధికారుల మాటతీరుకు అంటగట్టడం సరికాదు. కానీ పావుగంట విలువ ఎంతో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కడ పనిచేస్తున్నారన్న దాన్నిబట్టి

ఒకే నగరంలో ఉన్నా ఉద్యోగుల చేతిలోని బలం ఒక్కలా ఉండదు.

పోర్టు, ఉక్కు కర్మాగారం, రైల్వే, కేంద్ర కార్యాలయాల్లో పర్మనెంట్ ఉద్యోగికి ఉద్యోగ భద్రత ఉంది, యూనియన్ ఉంది. అక్కడ అవమానం చాలాసార్లు తిట్ల రూపంలో రాదు. సెలవు ఆపడం, ఏటా పనితీరు మీద రాసే రిపోర్టు (ఏసీఆర్)లో తక్కువ మార్కులు, పని లేకుండా కూర్చోబెట్టడం, దూరంగా బదిలీ. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళిలో విధి నిర్వహణలో అమర్యాదగా ప్రవర్తించకూడదన్న నిబంధన (3-ఎ) ఉంది. అదే నియమావళిలో చాలామంది వాడుకోని ఇంకో అంశం ఉంది. పై అధికారి ఆదేశాలు సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. నోటితో చెప్పాల్సి వస్తే వీలైనంత త్వరగా రాసి ధ్రువీకరించాలి, కింది ఉద్యోగి కూడా ఆ ధ్రువీకరణ కోరాలి. "సార్, మీరు చెప్పినది ఒకసారి రాసి ఇవ్వండి" అని అడగడం ఎదురు తిరగడం కాదు, నియమం చెప్పిన పని.

అదే గేటు లోపల పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి పరిస్థితి పూర్తిగా వేరు. అతని పై అధికారులు ఇద్దరు. జీతమిచ్చే కాంట్రాక్టర్ ఒకరు, పని చెప్పే కంపెనీ ఇంజినీరు మరొకరు. తిట్టింది ఇంజినీరు అయితే కాంట్రాక్టర్ జోక్యం చేసుకోడు, వచ్చే ఏడాది టెండర్ కావాలి. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం తీసేశామని కూడా ఎవరూ అనరు. గేట్ పాస్ రెన్యూ కాదు, అంతే. ఈ నగరంలో అందరికంటే ఎక్కువ మాటలు పడేదీ, అందరికంటే తక్కువ అడగగలిగేదీ ఈ కార్మికులే. వీళ్లకు ఒంటరి ఫిర్యాదు కంటే పదిమంది సంతకాల వినతిపత్రం, కాంట్రాక్టు కార్మికుల సంఘం, కార్మిక శాఖ దారి మేలు.

ఐటీ, ప్రైవేటు ఆసుపత్రులు, కార్పొరేట్ కాలేజీలు, షోరూముల్లో యూనియన్ అరుదు. ఇక్కడ ఉద్యోగిని పట్టి ఉంచేవి నోటీస్ పీరియడ్, బాండ్, రిలీవింగ్ లెటర్, కొన్నిచోట్ల సంస్థ దగ్గర పెట్టిన ఒరిజినల్ సర్టిఫికెట్లు. అయితే రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. వరుసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసో బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని అది చెబుతుంది. "రేపటి నుంచి రావొద్దు" అన్న మాట అంత తేలిక కాదని చాలామంది సేల్స్ ఉద్యోగులకు తెలియదు.

చట్టం ఎంత దూరం వస్తుంది?

మామూలు దురుసు మాటకు పోలీసు కేసు నిలబడటం కష్టం. సికింద్రాబాద్‌లోని ఒక కేంద్ర సంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్ తన డైరెక్టర్ మీద పెట్టిన కేసును 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. పని విషయంలో పై అధికారి మందలించడం, ఆ మాటలు కటువుగా ఉన్నా, ఉద్దేశపూర్వక అవమానమనే నేరం కిందికి రాదని చెప్పింది. పాత శిక్షాస్మృతిలో 504గా ఉన్న ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 352. చంపుతానని, పరువు తీస్తానని బెదిరిస్తే దారి వేరు, అది 351 కిందికి వస్తుంది.

కులం పేరుతో దూషిస్తే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. కానీ మాట నలుగురికి కనబడే చోట అని ఉండాలి. తమిళనాడుకు చెందిన ఒక కేసులో, దూషణ కార్యాలయ గది లోపల జరిగిందని, సహోద్యోగులు ఆ తర్వాత వచ్చారని చెబుతూ 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేసును రద్దు చేసింది. గదిలో పిలిచి అన్న మాట మనసును అంతే కోస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం సాక్షులున్న మాట, లేని మాట ఒకటి కావు. ఎవరు విన్నారో అదే రోజు రాసుకోవాలనడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు.

మహిళలకు 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది. అందరూ పోష్ అని పిలిచేది ఇదే. దీనికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. ఆ విశాఖ రాజస్థాన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ పేరు, మన నగరం పేరు కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలవాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. లైంగిక స్వభావం ఉన్న ప్రవర్తనకు ముడిపడిన అవమానం, బెదిరింపు, పని చేసుకోనివ్వని వాతావరణం కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఆ ముడి లేని తిట్టు రాదు.

కార్మికులకు కొత్తగా వచ్చినది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్లలోని పారిశ్రామిక సంబంధాల కోడ్. 20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టాలి. అందులో యజమాని వైపు, కార్మికుల వైపు సమాన సంఖ్యలో సభ్యులు ఉండాలి, మొత్తం పదికి మించకూడదు. సంఘటన జరిగిన నాటి నుంచి ఏడాది లోపల ఫిర్యాదు ఇవ్వవచ్చు, 30 రోజుల్లో తేల్చాలి. లోపం ఏమిటంటే మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఈ కోడ్ లెక్కలో కార్మికులు కారు. పైనుంచి మాటలు పడి కిందికి మాటలు పంపే మధ్య వరుసలో ఉన్నవాళ్లకే ఇది వర్తించడం లేదు.

వేరే దేశాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి. స్వీడన్ 1993లోనే పనిచోట వేధింపుల మీద నిబంధనలు తెచ్చింది, ఫ్రాన్స్ 2002లో నైతిక వేధింపుల చట్టం చేసింది. జపాన్‌లో 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీలకు, 2022 ఏప్రిల్ నుంచి చిన్నవాటికి అధికార వేధింపుల నివారణ తప్పనిసరి. అక్కడి నిర్వచనం మన చర్చకు బాగా పనికొస్తుంది. పై స్థానాన్ని వాడుకోవడం, పనికి అవసరమైన హద్దు దాటడం, పనిచేసే వాతావరణాన్ని పాడుచేయడం, ఈ మూడూ కలిస్తేనే వేధింపు. దక్షిణ కొరియా 2019 చట్టం ఇంకో అడుగు వేసింది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకునే యజమానికి జైలు శిక్ష కూడా పడవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇదే అంశం మీద 2019లో 190వ ఒడంబడికను తెచ్చింది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు.

మాటను కాగితం మీదికి తేవడం

ఇక ఆచరణ. ముందు చేయకూడనిది చెప్పుకోవాలి. అవమానం జరిగిన క్షణంలో అరిచి, పని వదిలేసి వెళ్లిపోవడం అన్నిటికంటే నష్టం. స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో కార్మికులకు వర్తించే ఉద్యోగ నిబంధనల) నమూనాలో దుష్ప్రవర్తనల జాబితా తెరిస్తే పై అధికారి ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం కనబడుతుంది. ఆ క్షణం దాకా బాధితుడిగా ఉన్న మనిషి ఆ క్షణం నుంచి నిందితుడవుతాడు. విచారణలో తిట్టిన సంగతి పక్కకు పోయి, తిరగబడిన సంగతే ఫైలులో మిగులుతుంది. అయితే ధిక్కారం గురించిన ఆ నిబంధనలోనే ఇంకో ముక్క కూడా ఉంది. ఆ ఆదేశం చట్టబద్ధమైనది, సమంజసమైనది అయి ఉండాలి. రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి దిగమంటే కాదనడం ధిక్కారం కాదు.

కోపం చల్లారిన తర్వాత, వీలైతే మర్నాడే, విడిగా కలిసి మాట్లాడటం మొదటి మెట్టు. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఫిర్యాదుకు పోతారు. తన మాట ఎంత లోతుగా తగిలిందో నిజంగా తెలియని అధికారులు ఉంటారు. "సార్, నిన్న రిపోర్టులో తప్పు నాదే, సరిచేశాను. కానీ జూనియర్ల ముందు అలా అంటే వాళ్లు ఇక నా మాట వినరు సార్. తప్పుంటే గదిలో పిలిచి చెప్పండి." ఇందులో తప్పు ఒప్పుకోలు ఉంది, పనికి జరిగే నష్టం ఉంది, అడుగుతున్నది ఏమిటో ఉంది. బతిమాలడం లేదు, నింద లేదు.

అది పనిచేయకపోతే రాయడం మొదలుపెట్టాలి. ఫార్మా బ్లాకుల్లో, రిఫైనరీలో ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, రహస్యంగా రికార్డు చేయడాన్ని నిషేధించే కంపెనీలూ ఉన్నాయి. చిన్న డైరీకి ఆ ఇబ్బంది లేదు. తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు, ఆ తర్వాత పనికి ఏమైంది. అదే రోజు రాయాలి, ఆరు నెలల తర్వాత గుర్తుచేసుకుని రాసినదాన్ని ఎవరూ నమ్మరు. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకూడదు, ఫోన్ మార్చే ముందు బ్యాకప్ తీసుకోవాలి.

ఇంకో పద్ధతి మర్యాదగానే చాలా దూరం పోతుంది. మీటింగ్ అయ్యాక చిన్న ఈమెయిల్: "ఈ రోజు 11 గంటల రివ్యూలో మీరు చెప్పినట్టు శుక్రవారంలోపు మూడు ఫైళ్లు పూర్తి చేస్తాను. నా పని తీరు మీద చేసిన వ్యాఖ్యల గురించి విడిగా మాట్లాడటానికి సమయం ఇవ్వగలరు." తిట్టును ఇది మక్కీకి మక్కీ చెప్పదు. కానీ ఆ రోజు ఏదో జరిగిందన్న ఆనవాలు తేదీతో సహా పడుతుంది. తన మాటలకు లెక్క ఉంటోందని తెలిసిన అధికారి జాగ్రత్తపడే అవకాశం ఉంది. ఖర్చు లేని చోట ఖర్చు మొదలవడమంటే ఇదే.

ఫిర్యాదు రాసేటప్పుడు విశేషణాలు తగ్గాలి. "చాలా దారుణంగా, అమానుషంగా ప్రవర్తిస్తున్నారు" అన్న పేజీ కంటే, తేదీలతో నాలుగు సంఘటనలు, అన్న మాటలు, సాక్షులు, దానివల్ల ఆగిన పని, మానేసినవాళ్ల సంఖ్య ఉన్న అరపేజీ బలమైనది. హెచ్‌ఆర్ సంస్థ కోసం పనిచేసే విభాగం, ఉద్యోగి తరఫు వకీలు కాదు. సంస్థకు కలిగే నష్టం కనబడితేనే అది కదులుతుంది. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం మరవకూడదు. ఇద్దరు ముగ్గురికి అదే అనుభవం ఉంటే కలిసి ఇవ్వడం ఇంకా మంచిది, ఒక్కరే ఇస్తే "వాడికీ ఆయనకూ పడదు" అని తేల్చేయడం సులభం.

ఫిర్యాదు తర్వాత అప్రైజల్ తగ్గడం, షిఫ్ట్ మారడం, దూరంగా వేయడం జరగవచ్చు. దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఫిర్యాదు తేదీ కాగితం మీద ఉంటే, తర్వాత జరిగినది కక్ష అని చూపడానికి ఒక ఆధారం మిగులుతుంది.

ఇంటిదాకా వచ్చే తిట్టు

ఆదివారం సాయంత్రం నుంచే మొదలయ్యే టెన్షన్, నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట, ఫోన్ మోగితే గుండె దడ. ఇవి మామూలు అలసట లక్షణాలు కావు. నిరాశ, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆఫీసులో మింగిన మాట ఇంట్లో పిల్లల మీద బయటికి రావడం కూడా తరచూ జరిగేదే. వారాల తరబడి ఇలాగే ఉంటే వైద్య సాయం తీసుకోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనూ, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ వైద్యం అందుతుంది. ఆ ఆసుపత్రి పేరు చెప్పడానికి జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ జంకు వల్ల ఆలస్యమైన వైద్యం ఉద్యోగం కంటే పెద్ద నష్టం.

పొమ్మనలేక పొగబెడితే

కొన్ని సంస్థల్లో అవమానం కోపంతో చేసేది కాదు, మనిషిని పంపించే పద్ధతి. తీసేస్తే పరిహారం ఇవ్వాలి, తనే మానేస్తే అక్కర్లేదు. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ఆవేశంలో రాజీనామా రాసివ్వడం వాళ్లు కోరుకున్న పనే. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించడం చాలా కష్టం.

వెళ్లాలనుకుంటే లెక్క చూసుకుని వెళ్లాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగులకు ఏడాది చాలు. లెక్క ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. గ్రాట్యుటీకి లెక్కించే జీతం 26,000 ఉంటే ఏడాదికి 15,000, ఐదేళ్లకు 75,000 రూపాయలు. నాలుగున్నరేళ్ల దగ్గర ఉన్నవాళ్లు ఆ కొద్ది నెలలు ఆగడమా, మానడమా అన్నది ఆరోగ్యం చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. బాండ్ చెల్లదులే అన్న ధైర్యం మాత్రం వద్దు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు ప్రతి ప్రైవేటు బాండుకూ అలాగే వర్తిస్తుందనుకోనక్కర్లేదు కానీ, సంతకం పెట్టిన కాగితం ఒకసారి వకీలుకు చూపించడం మంచిది.

ముందు ఏం మారవచ్చు?

బయటికి వెళ్లే దారి ఉన్నచోట తిట్టు ఖరీదైనదవుతుంది. రుషికొండలో టీసీఎస్‌కు 2025లో 21 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. డేటా సెంటర్లో పనిచేసేవాళ్ల సంఖ్య పెట్టుబడితో పోలిస్తే తక్కువే ఉంటుంది. అయినా నైపుణ్యం ఉన్నవాళ్లకు ఇదే ఊరిలో రెండో అవకాశం దొరుకుతున్నకొద్దీ, మనుషులను నిలుపుకోలేని మేనేజర్ల గురించి సంస్థలు ఆలోచించక తప్పదు. గేట్ పాస్ మీద బతికే కార్మికుడికి మాత్రం ఈ మార్పు అందదు. ఉక్కు కర్మాగారంలో 2021 ప్రైవేటీకరణ నిర్ణయం తర్వాత పెరిగిన అభద్రత అతన్ని ఇంకా మౌనంగా ఉంచుతుంది.

అతనికి ఉపయోగపడగలిగేది కొత్త కోడ్‌లోని ఫిర్యాదుల కమిటీ. అది కూడా నిజంగా ఏర్పడితేనే. సభ్యులను ఎలా ఎంచుకున్నారు, కాంట్రాక్టు కార్మికులకు అందులో చోటుందా, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి అన్నవి అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్నలు. పోష్ కమిటీ వివరాలనైతే అందరికీ కనబడే చోట పెట్టడం ఇప్పటికే చట్టం విధించిన బాధ్యత. గాజువాకలో, దువ్వాడలో, మద్దిలపాలెంలో ఎక్కడ పనిచేసేవాళ్లైనా తమ ఆఫీసు నోటీసు బోర్డు మీద ఆ పేర్లు ఉన్నాయో లేదో రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు చూడవచ్చు. లేకపోతే, ఎందుకు లేవని రాతపూర్వకంగా అడగవచ్చు.